జాకెట్ సరే, పట్టీ తగిలించావా?

"జాకెట్టేసుకున్నావా తల్లీ?"

శనివారం పొద్దున్నే వీడియో కాల్‌లో అమ్మ అడిగే మొదటి ప్రశ్న ఇదే. మనిళ్లల్లో జాకెట్టంటే వేరే అర్థం కదా, మొదటిసారి విన్నప్పుడు పక్కనే పేపర్ చదువుతున్న నాన్న ఉలిక్కిపడ్డాడు.

మాది రాజమండ్రి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకి బయల్దేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పడవ ఊసెత్తితే అందరి మొహాలూ మాడిపోతాయి. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను, ఉద్యోగం కోసం ఇంగ్లాండ్‌లోని సౌతాంప్టన్‌లో దిగి, సెలవు దొరికితే చాలు తెరచాప పడవ ఎక్కుతున్నా. ఈత వచ్చా అంటారా? వచ్చు. పూల్‌లో, గట్టు అందేంత దూరంలో.

సౌతాంప్టన్ తీరానికీ, ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవికీ మధ్య సన్నటి సముద్రపు పాయ ఉంటుంది. పేరు సోలెంట్. ఇక్కడ పోటు ఒకసారి వచ్చి, కాస్త ఆగి, మళ్లీ ఇంకోసారి వస్తుంది. పెద్ద పెద్ద కంటైనర్ ఓడలు, ఫెర్రీలు, వాటి మధ్య సందుల్లో ఆటోల్లా దూరిపోయే తెల్ల తెరచాపలు. దీవి ఒడ్డున కౌస్ అనే చిన్న ఊరుంది. 1826 నుంచి అక్కడ పడవ పందేలు జరుగుతున్నాయి. ఎండ కాసే రోజున ఒడ్డున నిలబడి చూస్తే మనకి కూడా ఎక్కేయాలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, ఐదు రోజుల కోర్సులో చేరిపోయా.

ఏప్రిల్ నెల. నీళ్లు పది డిగ్రీలు. మా స్కిప్పర్ అరవై దాటిన ఆవిడ. మొదటి రోజు చేతికి లైఫ్‌జాకెట్ ఇచ్చింది. మన దగ్గర బోట్లలో ఇచ్చే లావుపాటి నారింజ రంగు థర్మకోల్ చొక్కా కాదు. మెడ చుట్టూ సన్నటి పట్టీలా ఉంటుంది, లోపల చిన్న గ్యాస్ సిలిండర్. నీళ్లలో పడగానే లోపలున్న బిళ్ల కరిగి, సిలిండర్‌కి చిల్లు పడి, సెకన్లలో ఉబ్బుతుంది. స్పృహ తప్పినా మొహం పైకి ఉండేలా తిప్పుతుంది. తొడల మధ్య నుంచి ఇంకో పట్టీ బిగించాలి, లేకపోతే జాకెట్ పైకి జారి చెవుల దాకా వస్తుంది, మనం మాత్రం కింద ఉంటాం.

అదే జాకెట్ ఛాతీ దగ్గర ఒక ఇనుప రింగు. దానికి తగిలించే గట్టి నైలాన్ పట్టీని టెథర్ అంటారు. చివర కొక్కేలు: ఒకటి మీటరు దూరంలో, ఇంకోటి రెండు మీటర్ల దూరంలో. పడవ ముందు నుంచి వెనక దాకా డెక్ మీద పరిచిన జాక్‌స్టే అనే పట్టీకి దాన్ని తగిలించుకుని తిరగాలి.

"తేలడానికి జాకెట్ ఉంది కదా, మళ్లీ గేదెలా కట్టెయ్యడం ఎందుకు?" అని అడిగా. ఆవిడ నవ్వి, ఒక బకెట్‌కి గాలి నింపిన ఫెండర్ కట్టి సముద్రంలోకి విసిరేసింది. "మనిషి పడ్డాడు!" అని అరిచింది. ఇక నా పనల్లా దాని వైపు వేలు చూపిస్తూ ఉండటమే.

ఆరు నాట్ల వేగంతో వెళ్లే పడవ నిమిషానికి దాదాపు 185 మీటర్లు వెళ్లిపోతుంది. అలల్లో మనిషి తల కొబ్బరికాయంత కనిపిస్తుంది. జుట్టు కళ్లలో పడిందని ఒక్కసారి తుడుచుకున్నా, అంతే, బకెట్ మాయం. తెరచాపలు సర్దుకుని, తిప్పి, వెతికి, దాన్ని పైకి లాగేసరికి తొమ్మిది నిమిషాలు. అంత చల్లటి నీళ్లలో పడగానే మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదట, ఎగపీల్చేస్తాం. కాసేపటికి చేతులు మొద్దుబారి తాడు ఇచ్చినా పట్టుకోలేం. ఆ సాయంత్రం అమ్మతో బకెట్ సంగతి చెప్పలేదు.

నాలుగో రోజు నీడిల్స్ వైపు వెళ్లాం. దీవి పడమటి కొసన నీళ్లలో నిలబడ్డ తెల్ల సుద్ద రాళ్లు, చివర ఎరుపు తెలుపు చారల లైట్‌హౌస్. ఫోటోల్లో ఎంత బాగుంటుందో! ఆ రోజు పాటు పడమరకి లాగుతోంది, గాలి ఎదురుగా నైరుతి నుంచి కొడుతోంది. రెండూ గుద్దుకుని అలలు గోడల్లా లేచాయి. తెరచాప చిన్నది చెయ్యాలి, ఒకరు మాస్ట్ దగ్గరికి వెళ్లాలి. నేనెళ్తానన్నా.

రెండు మీటర్ల కొక్కెం తగిలించా, చేతులు ఆడటానికి సుఖంగా ఉంటుందని. పడవ ఒరిగిన పల్లపు వైపు నుంచి వెళ్లా, అటు నడవడం తేలికనిపించి. ఒక అల డెక్ మీద నుంచి దొర్లింది. కాళ్లు లేచిపోయాయి. కంచె తీగల కింద నుంచి నడుము దాకా బయటికి జారిపోయా, మోకాళ్లు నీళ్లలో. అప్పుడు ఢబ్బుమని జాకెట్ ఉబ్బింది! గడ్డం కింద బెలూన్, ఏమీ కనపడదు, మెడ తిరగదు. నేనింకా నీళ్లలో పడనే లేదు. కంచె స్తంభానికి నా చెయ్యి మెలిపడింది కాబట్టి ఆగా, ఎవరో కాలర్ పట్టుకుని లాగారు. ఛాతీ దగ్గర పట్టీ ఇంకా వదులుగానే వేలాడుతోంది.

ఆ "వదులుగానే" అన్న మాట నాకు సాయంత్రం అర్థమైంది. యార్మత్ రేవులో పడవ కట్టాక స్కిప్పర్ నన్ను తిట్టలేదు. అదే చోట, అదే కొక్కెం తగిలించి, పట్టీని పడవ పక్క నుంచి కిందికి వదిలింది. కొస నీళ్లను తాకింది. "నీ ఛాతీ ఇక్కడుండేది" అంది. అంటే పట్టీ ఉన్నా నేను నీళ్లలోనే ఉండేదాన్ని, ఆరు నాట్ల వేగంతో ఈడ్చుకుపోతూ. తర్వాత గాలి వైపు, మీటరు కొక్కేనికి మార్చింది. ఎంత లాగినా పట్టీ కంచె దాటలేదు.

ఊరికే చెప్పే మాట కాదు. 2011 జూన్‌లో, ఇక్కడికి దగ్గర్లోనే ఇంగ్లిష్ ఛానల్‌లో, రాత్రిపూట తెరచాప మారుస్తూ ఒక పందెపు పడవ స్కిప్పర్ నీళ్లలో పడ్డారు. జాకెట్ ఉంది, పట్టీ ఉంది. పడవ పక్కనే ఉండి కూడా, పైకి లాగేలోపు ప్రాణం పోయింది. 2017 నవంబర్లో దక్షిణ మహాసముద్రంలో క్లిప్పర్ రేసులో ఇంకో నావికుడి కొక్కెం పక్కకి ఇరుక్కుని, వంగి, తెరుచుకుపోయింది. అంతకు చాలా ముందు, 1979 ఆగస్టులో కౌస్ నుంచి 303 పడవలతో బయల్దేరిన ఫాస్ట్‌నెట్ పందెంలో తుఫాను వచ్చి 15 మంది పోటీదారులు పోయారు. కొందరి హార్నెస్‌లు తెగిపోయాయి. ఇప్పుడు హార్నెస్‌లకి గట్టి పరీక్షలున్నాయంటే ఆ రాత్రి కూడా ఒక కారణం.

నేనేదో పెద్ద సాహసం చేశానని అనుకోకండి. 2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద భూగోళం చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. వాళ్లు దాటిన సముద్రాల ముందు నా సోలెంట్ పిల్లకాలువ.

మొన్న సెలవుల్లో హుస్సేన్‌సాగర్‌లో చిన్న డింగీ ఎక్కినప్పుడు మాత్రం నా తెలివితేటలు బయటపడ్డాయి. "టెథర్ ఎక్కడ తగిలించాలి?" అన్నా గొప్పగా. నేర్పించే కుర్రాడు వింతగా చూశాడు. "అక్కా, ఇది బోల్తా పడుతూనే ఉంటది. కట్టేసుకుంటే కింద ఇరుక్కుంటవ్. జాకెట్ చాలు." అరగంటలో రెండుసార్లు బోల్తా పడ్డాం, రెండుసార్లూ తేలి పడవ మీదికి పాక్కుంటూ ఎక్కా.

ఇప్పుడు నాకు సొంత టెథర్ ఉంది, తగిలించినవైపు నుంచి ఒక్క లాగుతో ఊడొచ్చే కొక్కెంతో. పడవ లోపలి మెట్ల మీద నుంచి తల బయటపెట్టకముందే తగిలిస్తా. సీజన్ మొదట్లో జాకెట్ సిలిండర్ విప్పి వంటింట్లో మసాలాలు తూచే కాటా మీద పెడతా. దాని మీద ముద్రించిన బరువుకి తగ్గితే గ్యాస్ కారిపోయినట్టే. పోయిన వారం అలా తూస్తుంటే అమ్మ కాల్ చేసింది.

"ఏంటే అది, బాంబులా ఉంది?"

చెప్పా. నీడిల్స్ సంగతి కూడా ఆ రోజే మొదటిసారి చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాన్న వెనక నుంచి తొంగి చూసి, "ఆ పట్టీ ఎంత పొడుగు?" అన్నాడు.

"రెండున్నాయి నాన్నా. మీటరుదే వాడుతున్నా."

"ఏదీ, చూపించు" అన్నాడు. కెమెరా ముందు పట్టుకుని చూపించా.