రబ్బరు వెచ్చబడే దాకా

ఈ సంచిక సంపాదకుడు మా హాస్టలు తమ్ముడే. "పాత విద్యార్థుల పేజీలకి ఏదైనా రాసి పంపన్నా, కాలేజీ జ్ఞాపకాలైతే మరీ మంచిది" అని ఫోను చేశాడు. జ్ఞాపకాలు రాసేవాళ్ళకేం కొదవ? కాంటీను టీ గురించీ, హాజరు తక్కువై కట్టిన జరిమానాల గురించీ ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. "మోటారుసైకిలు టైర్ల గురించి రాస్తాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "టైర్లేమిటన్నా?" అన్నాడు చివరికి. అతనికి అప్పుడు చెప్పలేదు. ఇది టైర్ల మీద వ్యాసంలా కనిపించే ఒక నేరాంగీకారం.

మా మెకానికల్ బ్యాచిలో నాకు రబ్బరు బాగా వచ్చునని ఒక పేరుండేది. దానికి కారణం మా మెటీరియల్స్ మాస్టారు. 1839లో గుడ్ఇయర్ మహాశయుడు రబ్బరులో గంధకం కలిపి వేడిచేసి దాన్ని దారిలో పెట్టిన కథ ఆయన చెప్తుంటే నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చునేవాడు. "రబ్బరు ఇనుములాంటిది కాదర్రా. దానికి వేడీ తెలుస్తుంది, వయసూ తెలుస్తుంది" అనేవారు. ఆ మాట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. బుర్రలోకి మాత్రం ఎక్కించుకోలేదు.

చదువయ్యాక నేనూ, నా రూమ్మేటూ చెన్నైలో ఉద్యోగాల్లో చేరాం. వాణ్ణి ఇక్కడ మావాడు అనే అంటాను; పేరు రాస్తే ఊరుకోడు. ఇద్దరం చెరొక సెకండ్ హ్యాండ్ కేటీఎం ఆర్‌సీ 390 కొన్నాం. చెన్నైకి నలభై కిలోమీటర్ల దూరంలో, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది. అంతకు ముందు తరంవాళ్ళు షోళవరంలో యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద పందేలు చూసేవారు. ఇప్పటి ట్రాకు పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. పందేలు లేని కొన్ని రోజుల్లో మనలాంటి సామాన్యులు కూడా డబ్బు కట్టి, తోలు సూటు తొడుక్కుని, అద్దాలు విప్పేసి, గుంపులు గుంపులుగా బండి తోలుకోవచ్చు. దాన్నే ట్రాక్ డే అంటారు. అక్కడ పందెం లేదు, కప్పు లేదు. ఎదురుగా లారీ రాదన్న ధైర్యం ఒక్కటే.

2019 ఫిబ్రవరిలో మొదటిసారి వెళ్ళాలనుకున్నాం. అంతకు కొన్ని నెలల ముందు నేను ఒక కొట్లో చవగ్గా జత టైర్లు కొన్నాను. ముందుది 110/70, వెనకది 150/60, రెండూ పదిహేడు అంగుళాలవి. బాగా మన్నే రకం, దూరప్రయాణాలకి పనికొచ్చేవి. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. ఒక వాన రోజు కత్తిపార దగ్గర వంతెన దిగుతుంటే ముందు చక్రం ఒక్క లిప్త పాటు నా మాట వినలేదు. గుండె జల్లుమంది. అయినా ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పోయి కొత్త స్పోర్ట్స్ టైర్లు వేయించుకున్నాను.

పాతవి గదిలో మూల పడి ఉంటే మావాడు చూశాడు. "ఇవి బాగానే ఉన్నట్టున్నాయి కదరా?" అన్నాడు.

"బొత్తిగా అరగలేదు మామా. సగం డబ్బులిచ్చి తీసుకో" అన్నాను.

నా మాట మీద తీసుకున్నాడు. రబ్బరు సంగతి నాకు తెలుసని వాడి నమ్మకం. వాన రోజు సంగతి అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. సగం డబ్బులు పోతాయని చెప్పలేదు. అంతే కారణం. మరొకటి వెతికాను గాని దొరకలేదు.

ట్రాకు రోజు పొద్దున చల్లగా ఉంది. దోవలో ఇద్దరం వేడి వేడి పొంగలి తిన్నాం. లోపలికి వెళ్ళాక శిక్షకుడు అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: "మొదటి రెండు రౌండ్లు తొందర వద్దు. రబ్బరు వెచ్చబడాలి. ఈ ట్రాకు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. కుడి మలుపులే ఎక్కువ. టైరు కుడి చెంప ముందు వెచ్చబడుతుంది, ఎడమ చెంప ఇంకా చల్లగానే ఉంటుంది. మీ చేతికి తేడా తెలియదు. ఎడమ మలుపులో తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది."

అందరం బుద్ధిగా తలలూపాం. జెండా ఊపగానే నేను ముందు, మావాడు నా వెనక. నా టైర్లు కొత్తవి, మెత్తనివి. అయినా మొదటి రౌండులో అవీ చల్లనివే. ఆ మాట గాలికొదిలేసి, వెనక వాడు చూస్తున్నాడన్న గొప్పకోసం వేగం పెంచాను. వాడూ పెంచాడు. ఒక ఎడమ మలుపు దాటి తిరిగి చూస్తే వెనక వాడు లేడు. పసుపు జెండాలు ఊపుతున్నారు.

కాలరు ఎముక విరిగింది. స్ట్రెచరు మీద ఎక్కిస్తుంటే వాడన్న మాట: "మామా, నా బండి సంగతి చూడు."

బండి దగ్గరికి వెళితే అప్పటికే ఒక మెకానిక్కు దాని ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. పెద్దాయన, నెల్లూరు వైపు మనిషి, చెన్నైలో స్థిరపడ్డాడు. ముందు టైరు మీద బొటనవేలి గోరు గుచ్చాడు. దిగలేదు. పక్క గోడ మీద మట్టి తుడిచి, "ఇది చదివావా తమ్ముడూ?" అన్నాడు. కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు: 2312. అంటే 2012వ సంవత్సరం, ఇరవైమూడో వారం. మేం కాలేజీలో చేరకముందు తయారైన టైరు అది! కొట్లో అన్నేళ్ళు కూర్చుని, తిరక్కుండానే ముసలిదైంది.

"గాడు ఉంది కదా" అన్నాను గొణుగుతున్నట్టు.

"గాడు నీళ్ళు పోవడానికి తమ్ముడూ. పట్టు రబ్బరుది" అన్నాడాయన.

మాస్టారు నాలుగు నెలలు చెప్పిన పాఠం ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. రబ్బరు రోడ్డును పట్టుకునేది దాని గరుకులోకి సాగి ఒదిగినప్పుడే. చల్లగా ఉంటే సాగదు. గాలి సోకి, ఎండ సోకి ఏళ్ళు గడిస్తే గట్టిపడి అసలే సాగదు. మా బండికి నేలతో ఉన్న బంధుత్వమల్లా చక్రానికి అరచేతిలో సగమంత జాగా. మావాణ్ణి ఆ కాస్త జాగా మీద నిలబెట్టింది నేను.

ఆ తరువాత చదవవలసినది చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. తమ్ముళ్ళకు పనికివచ్చేది రాస్తాను.

టైరు కొనేటప్పుడు గాడు కంటే ముందు తేదీ చూడండి. దూరప్రయాణపు టైరు ఎక్కువ కాలం మన్నేటట్టు గట్టిగా చేస్తారు. ట్రాకు మీద అది వెచ్చబడడానికి టైము తీసుకుంటుంది, ఆ పైన గట్టిగా ఒత్తిడి పెడితే అలిసిపోతుంది. స్పోర్ట్స్ టైరు త్వరగా వెచ్చబడుతుంది, ఇంటికి కూడా దాని మీదే రావచ్చు. గాడుల్లేని స్లిక్కులు చూసి మోజుపడకండి. వాటికి ఎనభై డిగ్రీల వేడి కావాలి. అందుకే పందెగాళ్ళు కరెంటు దుప్పట్లు చుట్టి గంటసేపు కాచి మరీ బయటికి తీస్తారు. చిన్న బండికి ఆ వేడిని నిలబెట్టే బలం ఉండదు. దుప్పటి తీసి చల్లారనిస్తే స్లిక్కు కంటే మన రోడ్డు టైరే నయం.

వెచ్చబరచడమంటే పాములా మెలికలు తిరుగుతూ పోవడం అనుకునేవాణ్ణి. సినిమాకి బాగుంటుంది గాని దానివల్ల వచ్చే వేడి కొంచెమే. టైరు నలిగితేనే లోపల వేడి పుడుతుంది. నలిగేది బండి నిటారుగా ఉన్నప్పుడు వేసే బ్రేకుకీ, తిప్పే యాక్సిలరేటరుకీ. తిన్నని దారిలో ఆ రెండూ రౌండు రౌండుకీ కొంచెం కొంచెం పెంచుకుంటూ, వాల్చడం మాత్రం ఆఖరున పెంచుకోవాలి. మధ్యలో ఎర్రజెండా పడి పది నిమిషాలు ఆగితే, చేసిన తపస్సంతా మళ్ళీ మొదటికే.

గాలి సంగతి మన ఫిజిక్సు మాస్టార్లకు నచ్చుతుంది. ముప్ఫై డిగ్రీల దగ్గర 32 పౌండ్లు పెట్టిన టైరు అరవై డిగ్రీలకు చేరితే, లెక్క ప్రకారం ముప్పయ్యారున్నర దాటుతుంది. ఉబ్బిన టైరు నేలని తక్కువ తాకుతుంది. అందుకని ట్రాకుకి కాస్త తగ్గించి పెట్టి, దిగీ దిగగానే కొలిచి సరిచేసుకోవాలి. ఇంటికి బయల్దేరేముందు మళ్ళీ నింపుకోవడం మరవకూడదు.

ఎడమ చెంప గొడవ మన ఒక్కరిదే కాదు. జర్మనీలో జాక్సన్‌రింగ్ అనే ట్రాకు ఉంది. అది మనకి ఎదురు దిక్కున తిరుగుతుంది, పది ఎడమ మలుపులు, మూడే కుడివి. వరుసగా ఎడమ మలుపులు గడిచాక వచ్చే పదకొండో మలుపు కుడిది. అప్పటికి చల్లారిన కుడి చెంప మీద అక్కడ జగజ్జెట్టీలే పడ్డారు. ఒక్కో వైపుకి ఒక్కో రకం రబ్బరు వేసి టైర్లు చేసి ఇస్తున్నది ఈ బాధకే.

ఇదంతా నాకు ఒక ఎముక ఖరీదుకి తెలిసింది. ఆ ఎముక నాది కాదు.

ఆస్పత్రిలో ఉండగా వాళ్ళమ్మగారు ఫోను చేశారు. "నువ్వు పక్కనే ఉన్నావుగా బాబూ, అదే మాకు ధైర్యం" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి వాడితో అన్నీ చెప్పేశాను: వంతెన దగ్గర జారిన సంగతి, చెప్పకుండా అమ్మిన సంగతి, తేదీ చూడని సంగతి. వాడు గోడకేసి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "జారిందని ఒక్క ముక్క చెప్పి ఉంటే నెమ్మదిగా పోయేవాణ్ణి కదరా" అన్నాడు. తిట్టినా బాగుండేది. డబ్బులు తిరిగిచ్చాను, తీసుకున్నాడు. రెండు నెలలు మా మధ్య మాటలు తగ్గిపోయాయి. అది కూడా ఒక రకం చల్లదనమే. తొందరపెడితే పోయేది కాదని అప్పటికి నాకు తెలిసింది. రోజూ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి కూర్చునేవాణ్ణి, అంతే.

2020 ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాం. వాడే అడిగాడు. బండ్లు దింపగానే మావాడు నా బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, టైరు గోడ మీద వేలితో మట్టి తుడిచి అంకెలు చదివాడు. తరువాత తన టైరు నాకు చూపించి, "చదువు" అన్నాడు. చదివాను. నాలుగు నెలల కిందటి టైరు.

జెండా ఊపారు. ఈసారి వాడు ముందు, నేను వెనక. రెండు రౌండ్లు ఎడ్లబళ్ళలా పోయాం. మమ్మల్ని దాటిపోతున్నవాళ్ళు నవ్వుకునే ఉంటారు. ఆ ఎడమ మలుపు దాటాక వాడు ఒక్కసారి తల తిప్పి వెనక్కి చూశాడు, నేనున్నానో లేదోనని.

ఉన్నాను.