పావియాలో మూడు వారాలు

ఇటలీ వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి అందరూ అడిగేది ఒక్కటే. వెనిస్ చూశావా? రోమ్ చూశావా? రెండూ చూడలేదు. మే నెలలో మూడు వారాలూ పావియా అనే ఒక్క ఊళ్ళోనే ఉన్నాను. పెద్దనాన్న కూతురు అక్కడి యూనివర్సిటీలో చదువుతోంది. పెద్దనాన్నకీ పెద్దమ్మకీ ఇంగ్లీషు రాదని నన్ను తోడు పంపారు. తీరా వెళ్ళాక ఇంగ్లీషుతో పెద్దగా పని పడలేదు. అక్కకేమో పరీక్షలు. అందుకని కాలినడకన ఊరు చూడటమే మా పని.

మిలాన్ నుంచి రైల్లో అరగంట. కిటికీలోంచి చూస్తే నీళ్ళు కట్టిన వరి మడులు! "ఇదేందబ్బా, మనూరి మాదిరే ఉందే" అన్నాడు పెద్దనాన్న. యూరప్‌లో వరి ఎక్కువగా పండేది ఇటలీలోనేనట. నాకు పిజ్జా ఒక్కటే తెలుసు.

పొద్దున్నే వీధి చివరున్న బార్‌కి వెళ్ళేవాళ్ళం. ఆ మాట వినగానే పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. అక్కడ బార్ అంటే మన టీ కొట్టు లాంటిదే. కౌంటర్ దగ్గర నిలబడి, చిన్న కప్పులో కాఫీ రెండు గుక్కల్లో తాగేసి పోతారు. మధ్యాహ్నం చిన్న కొట్లన్నీ మూసేస్తారు, మళ్ళీ తీసేసరికి మూడున్నరో నాలుగో అవుతుంది. సాయంత్రం ఊరంతా స్ట్రాదా నువొవా అనే వీధిలో నడుస్తుంది. ఏమీ కొనరు. నడుస్తారు, ఆగుతారు, మాట్లాడుకుంటారు. ఆ వీధి చివర తిచీనో నది, దాని మీద పైకప్పున్న వంతెన. పాత వంతెన 1944లో బాంబులకి దెబ్బతింటే, పక్కనే ఇంకోటి కట్టుకున్నారు. చనిపోయినవాళ్ళ పేర్లతో గోడలకి కాగితాలు అంటిస్తారు. ముసలివాళ్ళు ఆగి, చదివి, వెళ్తారు. మన కన్నీటి అంజలి పోస్టర్లే, కాకపోతే నాయకుల బొమ్మలుండవు.

మా కింది అంతస్తులో ఎనభై ఆరేళ్ళ ముసలావిడ ఉండేది. ఒకరోజు రిజొత్తో వండి తెచ్చింది. పెద్దమ్మ రుచి చూసి "ఇంకో విజిల్ రావాల" అంది. అక్క దాన్ని ఇటాలియన్‌లో "చాలా బాగుంది" అని చెప్పింది.

పదహారేళ్ళ వయసులో ఆవిడ ఆ వరి మడుల్లోనే కూలికి వెళ్ళిందట. ఆ పని చేసే ఆడవాళ్ళని మొందీనే అంటారు. మే చివర నుంచి నలభై రోజులు, నీళ్ళలో నిలబడి, వంగిన నడుం వంగినట్టే. కూలి డబ్బుతో పాటు రోజుకో కిలో బియ్యం. తర్వాత మందులొచ్చి ఆ పనే లేకుండా పోయింది.

ఆదివారం ఆవిడ మనవడొచ్చాడు. ఆవిడ మాట ఒక రకంగా, అతని మాట ఇంకో రకంగా వినిపించింది. అక్కని అడిగాను. ఆవిడది ఆ ఊరి పాత మాటట, ఇటాలియన్ కాదు. మనవడికి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇటాలియన్‌లోనే ఇస్తాడు.

నేనేం మాట్లాడలేదు. మా అమ్మది తమిళం, నాన్నది తెలుగు. తిరుత్తణి దగ్గర పల్లెలో ఉండే అవ్వ ఫోన్‌లో తెలుగులో అడిగితే నేను తమిళంలో చెప్తాను. అర్థమవుతుంది కదా అని.

ఆ సాయంత్రం అవ్వకి వీడియో కాల్ చేశాను. మొత్తం తెలుగులోనే చెప్పాలని పట్టుపట్టి మొదలుపెట్టాను. "కింది ఇంటి ఆమె చిన్నప్పుడు వరి మడిలో..." అక్కడ ఆగిపోయాను. 'కళై' అనే తమిళ మాట నాలుక మీదే ఉంది. తెలుగు మాట రావట్లేదు. కాలేజీలో తెలుగు చదివేదాన్ని! చివరికి "గడ్డి పీకేదంట అవ్వా" అన్నాను.

అవ్వ పగలబడి నవ్వింది. "గడ్డి పీకేది కాదు పాపా, కలుపు తీసేది. నేను తీయలేదా? మీ నాయన్ని కడుపులో పెట్టుకోని తీసినా."

ఆ సంగతి నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు. ఫోన్ పెట్టేసే ముందు అవ్వే అడిగింది, "ఆమెకి నడుం నొప్పి ఉందా?" అని.

మర్నాడు మెట్ల దగ్గర అక్క చేత అడిగించాను. ముసలావిడ ఏమీ అనలేదు. నడుం మీద చెయ్యి పెట్టి చూపించింది.

"ఉందంట అవ్వా" అన్నాను ఫోన్‌లో.

"ఉంటాది" అంది అవ్వ.