హీరోయిన్ రాలేదు

నేను రాసేది కథ కాదు. మాకు జరిగిన సంగతి. తప్పులుంటే క్షమించండి.

2025 వేసవి సెలవుల్లో అవనిగడ్డ బస్టాండులో ఒక పోస్టరు చూశాం. బందరులో బట్టల షాపు ఓపెనింగుకి ఒక హీరోయిన్ వస్తుందని దాని మీద ఉంది. మా తమ్ముడికి ఆరేళ్ళు. చూద్దాం చూద్దామని రెండు రోజులు మారాం చేశాడు. ఆ రోజు మా నాన్న మడ కాలవల్లోకి పీతలకి పోకుండా మమ్మల్ని తీసుకెళ్ళాడు. నాగాయలంక నుంచి అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బస్సు. ముగ్గురికీ రానూ పోనూ 300 రూపాయలు దాటింది. కూలి పోయింది గాక ఇది ఒకటి.

10 గంటలకి అన్నారు. మేము 9 గంటలకే కోనేరు సెంటరుకి చేరాం. అప్పటికే విపరీతమైన జనం. 12 అయింది. ఎండ మాడిపోతోంది, మంచినీళ్ళు లేవు. ఎవరో "వచ్చింది, వచ్చింది" అని అరిచారు. అంతే, అందరూ ఒక్కసారి ముందుకి తోసుకున్నారు. తమ్ముడి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. నేను కింద పడ్డాను. లేచి చూస్తే వాడు లేడు. నాన్న వాడి పేరు పెట్టి కేకలేస్తూ జనంలో తిరిగాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. పావుగంటకి అడ్డుగా కట్టిన కర్రల కింద దొరికాడు. మోచెయ్యి గీసుకుపోయింది. భయానికి లాగు తడుపుకున్నాడు. ఒక కానిస్టేబులు గారు వాణ్ణి ఎత్తి నాన్నకి ఇచ్చారు.

తర్వాత మైకులో చెప్పారు, జనం ఎక్కువయ్యారు కాబట్టి హీరోయిన్ గారు రావటం లేదని. అందరూ తిట్టారు. కొందరు కుర్చీలు విసిరారు. నేనూ తిట్టాను. నాన్న ఏమీ అనలేదు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని బస్టాండుకి నడిచాడు.

ఇంటికెళ్ళి నాయనమ్మకి చెబితే "రాకపోవటమే మంచిదయిందే. వచ్చుంటే ఇంకా తోసుకుందురు, పిల్లోడు దక్కేవాడా?" అంది. నాకు కోపం వచ్చింది.

బడి తెరిచాక లైబ్రరీలో పాత పేపర్లు చదివాను. 2024 సెప్టెంబరు 22న హైదరాబాదులో ఒక హోటల్లో 'దేవర' సినిమా ఫంక్షను పెట్టారు. హాలు పట్టనంత మంది వచ్చారు. అద్దాలు పగిలాయి. ఫంక్షను ఆపేశారు. జూనియర్ ఎన్టీఆర్ గారు తనకీ బాధగా ఉందని వీడియోలో చెప్పారు. 2025 జనవరి 9న అనంతపురంలో బాలకృష్ణ గారి 'డాకు మహారాజ్' ఫంక్షను జరగాలి. ముందు రోజు తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అందుకని దాన్ని కూడా రద్దు చేశారు. ఆపకపోతే ఏమవుతుందో కూడా చదివాను. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో 'పుష్ప 2' ఆడుతున్న సంధ్య థియేటరుకి హీరో వచ్చారు. తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. అది చదివాక మా తమ్ముడు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాయనమ్మ మాట అప్పుడు అర్థమయింది.

మన జిల్లాకి సినిమా వాళ్ళు కొత్త కాదు. ఎన్టీ రామారావు గారిది పామర్రు దగ్గర నిమ్మకూరు. బాలకృష్ణ గారు ఆయన కొడుకు, జూనియర్ ఎన్టీఆర్ గారు మనవడు. అక్కినేని నాగేశ్వరరావు గారిది గుడివాడ దగ్గర రామాపురం. గుడివాడలో ఆయన పేరుతో కాలేజీ ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేల మంది చనిపోయారు. అప్పుడు మా నాయనమ్మకి పదేళ్ళు. తాటిచెట్టు పట్టుకుని బతికింది. ఆ ఇద్దరు హీరోలు బాధితుల కోసం ఊళ్ళు తిరిగి విరాళాలు పోగు చేశారు. "వాళ్ళని చూశావా?" అని అడిగాను. "చూళ్ళేదే. మాకు బియ్యం, దుప్పటి వచ్చినయ్యి. వాళ్ళు అడిగి తెచ్చింది అందులో ఉండుద్దిగా" అంది.

కాబట్టి హీరోలు మన ముందుకి రావటమే గొప్ప కాదు. జనం ఎక్కువైతే రాకపోవటం తప్పు కాదు. కానీ పిలిచిన వాళ్ళు ముందే ఆలోచించాలి. ఎంత చోటుంటే అన్నే పాసులు ఇవ్వాలి. రావటం లేదని తెలిసిన వెంటనే చెప్పాలి. మూడు గంటలు ఎండలో నిలబెట్టి చెప్పకూడదు. దూరం నుంచి వచ్చిన వాళ్ళకి ఆ రోజు కూలి ఎవరూ ఇవ్వరు. మనం కూడా చిన్నపిల్లల్ని అలాంటి చోటికి తీసుకెళ్ళకూడదు.

చివరికి ఒక నిజం చెప్పాలి. హీరోయిన్ని చూడాలని ఆశ పడింది నేనే. నాన్న నన్ను వద్దంటాడని తమ్ముడికి చెప్పి మారాం చేయించాను. ఇది నాన్నకి తెలియదు. మా నాన్నకి చదువు రాదు. ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి