తండ్రిని ఎదిరించిన కొడుకులు

రక్తపిశాచాల వేట ఇతివృత్తంగా వచ్చిన వీడియో ఆటలలో ‘కాసిల్‌వేనియా’ది అగ్రస్థానం. జపాను సంస్థ కొనామీ దానిని 1986లో తొలిసారి విడుదల చేసింది. సైమన్ బెల్మాంట్ అనే వీరుడు వంశపారంపర్యంగా వచ్చిన కొరడా చేతబట్టి డ్రాక్యులా కోటలో ప్రవేశిస్తాడు. మిత్రులలో ఆ ఆట ఆడినవారికి, ఒకసారి గాలిలోకి ఎగిరాక దిశ మార్చుకోలేని సైమన్ అవస్థ గుర్తుండే ఉంటుంది!

ఎన్నిమార్లు చంపినా డ్రాక్యులా మళ్ళీ లేస్తాడు. బెల్మాంట్ వంశంలో మరొకరు కొరడా అందుకుంటారు. ఆ వరుసలో 1997లో వచ్చిన ‘సింఫనీ ఆఫ్ ది నైట్’ నాకు మిక్కిలి ఇష్టం. అందులో కథానాయకుడు అలుకార్డ్, సాక్షాత్తూ డ్రాక్యులా కన్నకొడుకు. తండ్రి పేరును ఇంగ్లీషులో వెనుకనుండి చదివితే కొడుకు పేరు వస్తుంది. కోటంతా కలియదిరుగుతూ, కొత్త శక్తి సంపాదించుకుని, మునుపు దాటలేని చోటికి మళ్ళీ వచ్చే ఆ పద్ధతి తరువాత ఎన్నో ఆటలకు ఒరవడి అయింది. ‘మెట్రాయిడ్‌వేనియా’ అన్న పేరులో సగం దీనిదే.

మాది ఆళ్ళగడ్డ ప్రాంతం. అహోబిల నరసింహుడు మా ఇలవేల్పు. ఎగువ అహోబిలంలో భవనాశిని వెంబడి రాళ్ళమీదుగా జ్వాలా నరసింహుని సన్నిధికి నడుస్తూ, పైన ఉగ్రస్తంభాన్ని చూసినప్పుడల్లా నాకు అలుకార్డ్ జ్ఞాపకం వస్తాడు. నవ్వకండి. ఇక్కడా తండ్రికి ఎదురు నిలిచినది కొడుకే కదా! కాకపోతే ప్రహ్లాదుడు ఆయుధం పట్టలేదు.

రెండు కథలలోనూ నన్ను పట్టి నిలిపినది సంహారం కాదు, ఆ తరువాతి ఘట్టం. కూలిపోతున్న తండ్రికి అలుకార్డ్ తన తల్లి కడపటి మాటలు వినిపిస్తాడు. ప్రహ్లాదుడేమో తన తండ్రి పాపం తొలగాలని స్వామిని వేడుకుంటాడు. 21 తరాల పితరులతోసహా అతడు పవిత్రుడయ్యాడని స్వామి బదులిచ్చినట్లు భాగవతం సప్తమ స్కంధం చెబుతుంది. హిరణ్యకశిపునికి ఉత్తరక్రియలు జరిపినదీ ఆ బాలుడే.

నేను కులాంతర వివాహం చేసుకున్న నాటినుండి మా నాన్నగారు తొమ్మిదేళ్ళపాటు నాతో మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు, తలకొరివి నేను పెట్టకూడదన్నారు బంధువులు. అమ్మ ఒక్కతే పట్టుబట్టింది. పెట్టాను. ఆయన పట్టుదల న్యాయమని నాడూ అనుకోలేదు, నేడూ అనుకోను. అయితే తండ్రిని ఎదిరించినంత మాత్రాన కొడుకు కాకుండా పోతే, ప్రహ్లాదుడు కర్మ ఎలా చేశాడని ఆనాడు వారిని అడిగాను.

ఎవరూ బదులు పలకలేదు.