మా నాయన బుల్లెట్టు, మా మామ జావా

మొన్న సంక్రాంతికి ధరూరు వెళ్ళాను. భోజనాలయ్యాయి. పెద్దవాళ్ళం వసారాలో చాపలు పరుచుకుని ఒక కునుకు తీద్దామనుకుంటున్నాం. ఇంతలో వాకిట్లో కుర్రకారు మధ్య వాగ్యుద్ధం మొదలైంది. మా తమ్ముడి కొడుకు బుల్లెట్టు పక్షం. ఆత్మకూరునుంచి వచ్చిన మా మేనమామ మనవడు జావా పక్షం. "నీది బండి గాదు, పిండిమర" అని వాడూ, "నీది బండి గాదు, తిరునాళ్ళలో కొన్న బొమ్మ" అని వీడూ. ఆడపిల్లలు రెండు జట్లుగా చీలి చప్పట్లు కొడుతున్నారు.

నాకు నిద్ర ఎగిరిపోయింది. ఇంచుమించు ఈ మాటలనే ఇదే వాకిట్లో యాభై యేళ్ళ కిందట విన్నాను. అప్పుడు వాదించినవాళ్ళు వీళ్ళ తాతలు.

ధరూరు ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 2016కు ముందు మహబూబ్‌నగర్ జిల్లా. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యన మా నడిగడ్డ. మా నాయనది వేరుశనగ వ్యాపారం. ఊరూరా తిరిగి కాయ బేరమాడి గద్వాలకు చేర్పించేవాడు. ఆ తిరుగుడుకు సైకిలు చాలక, 1970లో రాయచూరులో ఎవరో అమ్మజూపిన బుల్లెట్టును కొన్నాడు. అది ఇంటికి వచ్చిన రోజు అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. నాయన తొక్కిన మొదటి కిక్కుకు అది ఎదురు తన్ని, ఆయన్ను మూడు రోజులు కుంటించింది. ఆ మూడు రోజుల్లో ఎవరడిగినా కాలు బెణికిందన్నాడే గాని, బండి తన్నిందని చచ్చినా ఒప్పుకోలేదు.

ఆ బండి పుట్టుక ఇంగ్లండులో. బుల్లెట్టు అన్న పేరు అక్కడ 1932లోనే ఉంది. 1955లో మద్రాసులో కంపెనీ పెట్టి, మొదట విడిభాగాలు తెప్పించి బిగించారు. తర్వాత తిరువొత్తియూరులో పూర్తిగా ఇక్కడే తయారుచేశారు. మన సైన్యం సరిహద్దుల్లో వాడిన బండి అది. నాయనకు ఆ చరిత్రలో ఈ ఒక్క ముక్క చాలు. "పటాలమోళ్ళు తోలే బండి" అని మీసం మీద చెయ్యి వేసేవాడు. ఆయన పటాలం మొహం చూసింది లేదు. 346 సీసీల ఆ ఇంజను శబ్దం ఊరి బయట చింతతోపు దగ్గరుండగానే వినబడేది. అమ్మ అది విని ఎసట్లో బియ్యం పోసేది.

మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, నదికి అవతల ఆత్మకూరులో బడిపంతులు. ఆయన 1968లోనే జావా కొన్నాడు. మైసూరులో 1961లో ఇరానీ కుటుంబంవారు పెట్టిన ఫ్యాక్టరీ బండి. మామ పంతులు గనక పాఠం చెప్పకుండా ఉండలేడు. జావా అంటే దేవుడి పేరూ కాదు, దీవి పేరూ కాదుట. చెకోస్లొవేకియాలో 1929లో యానెచెక్ అనే ఆయన వాండరర్ అనే జర్మను కంపెనీ బండి తయారీ హక్కులు కొని, రెండు పేర్లలోని మొదటి అక్షరాలూ కలిపి జావా అన్నాడుట. మాకు ఆ పాఠంకంటే బండిలోని వింతలు నచ్చేవి. ఇంజనుకు సిలిండరు ఒకటే, పొగగొట్టాలు మాత్రం రెండు. కిక్కు కొట్టే కడ్డీ వేరే ఉండదు. గేరు కడ్డీనే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు కడ్డీ అవుతుంది. మామ ఆ పని చేస్తుంటే మేము గారడీవాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళం.

ఆ రోజుల్లో ధరూరుకూ ఆత్మకూరుకూ మధ్య జూరాల డ్యాము లేదు. 1981లో శంకుస్థాపన జరిగి, 1995కు గాని అది పని మొదలుపెట్టలేదు. అంతవరకూ రేవులపల్లి దగ్గర పుట్టిమీద కృష్ణ దాటవలసిందే. మామ తన జావాను పుట్టిలో ఎక్కించి, రెండు చేతులా పట్టుకుని, పెళ్ళికూతుర్ని తెస్తున్నంత జాగ్రత్తగా తెచ్చేవాడు. గట్టెక్కాక జేబురుమాలుతో టాంకీ మీది నీటి చుక్కలు తుడిచి అప్పుడు కిక్కు కొట్టేవాడు.

రాగానే మొదలయ్యేది. "ఏమప్పా బామ్మర్దీ, నీ రెండు గొట్టాల కొంగ నదిలో మునగలేదా?" అని నాయన. "మునిగినా తేలుతది బావా. నీ ఇనప దున్నపోతు మునిగితే తీసేదానికి క్రేను కావాల" అని మామ. గేరు కుడికాలికి ఉండడం న్యాయమా, ఎడమకాలికి ఉండడం న్యాయమా అన్న విషయంలో ఒక ఉగాదినాడు పచ్చడి చేదెక్కేదాకా వాదించుకున్నారు. ఇంగ్లండులో 1964లో స్కూటర్లవాళ్ళూ మోటారు సైకిళ్ళవాళ్ళూ సముద్రపు ఒడ్డు పట్నాల్లో జట్లు కట్టి కొట్టుకున్నారని తర్వాతెప్పుడో చదివాను. మా ఇంట్లో కొట్టుకోవడాలు లేవు. విస్తళ్ళ ముందు కూచునే యుద్ధం. వడ్డించే అమ్మ మటుకు ఇటు మొగుడికీ అటు తమ్ముడికీ చెప్పలేక, "రెండిట్లో ఏదీ నా చెప్పు జారిపోకుండ తీసకపోలే. ముందు తినండి" అనేది. వెనక కూచునే ఆడవాళ్ళ అభిప్రాయం ఏ కంపెనీవాడైనా అడిగాడో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది: మనిషి జన్మలో ఒక్క బండి కొనే రోజులవి. కొన్న బండి మంచిది కాదని ఒప్పుకుంటే, దానికోసం దాచిన పదేళ్ళ రాబడి, తాకట్టు పెట్టిన గొలుసు, ఇంట్లోవాళ్ళు చంపుకున్న కోరికలు అన్నీ పొరపాటని ఒప్పుకోవాలి. ఆ పని ఏ మగవాడు చేస్తాడు? నాయన సమర్థించుకున్నది బుల్లెట్టును కాదేమో.

నేను మాత్రం ఇంత ఆలోచన లేని పధ్నాలుగేళ్ళవాణ్ణి. పుట్టు బుల్లెట్టు భక్తుణ్ణి. బడిలో నా పలకమీద, పుస్తకాలమీద, చివరికి గుడి వెనక గోడమీద కూడా బుల్లెట్టు బొమ్మే. మామంటే ప్రాణమే గాని, మామ జావా అంటే ఒళ్ళుమంట.

1975 మాఘమాసంలో అమ్మమ్మకు జ్వరం తగిలిందని, అమ్మను తీసుకుపోవడానికి మామ వచ్చాడు. పెట్రోలు అడుగంటింది. ధరూరులో అప్పుడు బంకు లేదు. నాయన గద్వాలనుంచి డబ్బాలో తెచ్చి ఉంచుకునేవాడు. "పోసుకో బామ్మర్దీ. నా బుల్లెట్టు నీళ్ళు తాగితే గాని నీ జావా నది దాటదు" అన్నాడు. మామ మొహం కొంచెం ఎర్రబడింది. కంచం ముందునుంచి లేవకుండానే నాతో, "అల్లుడూ, పక్క డబ్బాలో ఆయిలు సీసా ఉంది. మూడు లీటర్లకు గీతదాకా ఆయిలు కలిపి పొయ్యి నాయనా" అన్నాడు.

ఆయిలు ఎందుకు కలపాలో నాకు తెలుసు. కిందటి సెలవుల్లో మామే చెప్పాడు. బుల్లెట్టు ఇంజనులో నూనె వేరే ఉంటుంది. జావాలాంటి టూస్ట్రోకు ఇంజనుకు ఆ ఏర్పాటు లేదు. లీటరు పెట్రోలుకు 40-50 మి.లీ. చొప్పున ఆయిలు కలిపి పోస్తే, పెట్రోలుతోపాటే అది లోపలికి పోయి పిస్టనుకు జారుడునిస్తుంది. కలపకపోతే పిస్టను వేడెక్కి, ఉబ్బి, సిలిండరును కరుచుకుంటుంది. మామ నేలమీద పుల్లతో బొమ్మ గీసి మరీ చెప్పాడు.

పెట్రోలు పోశాను. సీసా మూత తీశాను. పక్కనే మా ఎడ్లబండి కాడి దించి ఉంది. గీతదాకా కొలిచిన ఆయిలును ఆ బండి ఇరుసుకు రెండు వైపులా వంచేశాను. సీసా తిరిగి డబ్బాలో పెట్టి, చేతులు మన్నుతో తోముకున్నాను.

నా ఊహ ఎంతవరకంటే, జావా ఊరి చివర మొరాయిస్తుంది, మామ తోసుకుంటూ వెనక్కి వస్తాడు, నాయన అరుగుమీద కూచుని నవ్వుతాడు. అంతే. వెనక సీటుమీద అమ్మ కూచుంటుందని నా కళ్ళముందే కనిపిస్తున్నా తోచలేదు. ఆమె వొళ్ళో సంచీ పెట్టుకుని ఒక పక్కకు కూచుంది. నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

టాంకీ అడుగున మిగిలిన పాత పెట్రోలు కొంత కాపాడినట్టుంది. రేవు ఇంకా కొంత దూరం ఉందనగా ఇంజను బిగుసుకుపోయింది. వెనక చక్రం ఉన్నపళాన ఆగి, ఇసకలో బండి అడ్డంగా జారి, ఇద్దరూ పడ్డారు. మామకు మోకాళ్ళు చెక్కుకుపోయాయి. అమ్మ ఎడమచేతిమీద పడింది. మణికట్టు విరిగింది.

కబురు తెచ్చినవాడు పొలాలకడ్డంపడి పరుగెత్తి వచ్చాడు. నాయన బుల్లెట్టుమీద ముందుపోయాడు. వెనకే జీతగాడు ఎడ్లబండి కట్టుకుపోయాడు. బుల్లెట్టు వెనక కూచుని పట్టుకునే స్థితిలో అమ్మ లేదు. అందుకని అదే ఎడ్లబండిలో గడ్డి పరిచి అమ్మను పడుకోబెట్టి, జావాను వెనక తాళ్ళతో కట్టి, పొద్దుగూకేవేళకు ఇంటికి తెచ్చారు. మా బండి వస్తుంటే కిర్రుకిర్రుమని అరమైలునుంచే తెలిసేది. ఆ రోజు గుమ్మం ముందుకు వచ్చి ఆగేదాకా చప్పుడే లేదు. మామ బండి పక్కనే నడిచి వచ్చాడు. దిగిన దుమ్ములో నిలబడి చక్రంవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు.

అమ్మకు గద్వాల ఆస్పత్రిలో కట్టు కట్టారు. అమ్మమ్మ ఆ జ్వరంనుంచి లేచి కూచుంది గాని, కూతురు రాలేదని నెలరోజులు బెంగపడింది. జావా ఇంజను విప్పిన మేస్త్రీ లోపల చుక్క ఆయిలు లేదని మామతో తప్పక చెప్పి ఉంటాడు. సిలిండరు బోరు కొట్టించి కొత్త పిస్టను వేయించడానికి మామకు నెల జీతం పైనే అయింది. పుట్టిలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మా నాయన ఆ కథ చెప్పని పెళ్ళిలేదు, పేరంటం లేదు. "రెండు గొట్టాలుండి ఊపిరాడలేదప్పా దానికి! మా ఆడమనిషి చెయ్యి ఇరగ్గొట్టె" అనేవాడు. జనం నవ్వేవారు. గేరు కాలిమీద గంటలు వాదించిన మామ, ఆ ఒక్క మాటకు జవాబు చెప్పేవాడు కాదు. "ఏంజేస్తం బావా, ఆ పొద్దు దాని గాశారం" అనేవాడు. నేను విస్తట్లోకి తల వంచుకునేవాణ్ణి. అమ్మ చెయ్యి అతుక్కుంది గాని కొంచెం వంకరగానే. తడిగుడ్డ పిండవలసివస్తే చెల్లెల్ని పిలిచేది. ఒక్కోసారి నన్నే పిలిచేది. నేను పిండేవాణ్ణి. చెప్పాలని నోటిదాకా వచ్చేది. 2009లో ఆమె పోయింది. నేను చెప్పలేదు.

1984లో నాకు ఉద్యోగం వచ్చింది. బండి కొనే వంతు నాది. బుల్లెట్టు కొంటే మామ చిన్నబోతాడు, జావా వారసురాలు యెజ్డీ కొంటే నాయన ఇంట్లోకి రానివ్వడు. రెండు గొడవలూ లేకుండా రాజ్‌దూత్ కొన్నాను. అంతే, పధ్నాలుగేళ్ళుగా కలవనివాళ్ళు ఒక్క క్షణంలో కలిసిపోయారు. అరుగుమీద పక్కపక్కన కూచుని నా బండిని చూసి ఇద్దరూ కళ్ళలో నీళ్ళు వచ్చేట్టు నవ్వారు. "పాలక్యాన్లకు బాగుంటది" అన్నాడు నాయన. "అదే బావా, నేను గూడ అంటి" అన్నాడు మామ. వాళ్ళు ఏకాభిప్రాయానికి రావడం నేను చూసింది అదొక్కసారే.

రాజ్‌దూత్ కూడా టూస్ట్రోకే. దానికీ పెట్రోల్లో ఆయిలు కలపాలి.

సాయంత్రం మామ తన సంచీలోంచి కాగితంలో చుట్టిన డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే లీటరు ఆయిలు, మూత విప్పని కొత్త డబ్బా. కొత్త బండికి మేనమామ కానుక అన్నాడు. అమ్మ లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. మామ నా భుజంమీద చెయ్యివేసి, అందరికీ వినబడేట్టే అన్నాడు:

"ఇది టాంకీలకు అల్లుడూ. ఇరుసుకు గాదు."

నాయనకు అర్థం కాలేదు. బడిపంతులు గదా, ఏదో సామెత చెప్పాడనుకుని తల ఊపాడు.