కావాలి, చాలు

మోరిస్‌విల్‌లో చలి మొదలైతే మా ఇంట్లో పెరుగు మొండికేస్తుంది. అవే పాలు, అదే తోడు. పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉంటాయి. గిన్నెను ఒవెన్‌లో పెట్టి లైటు వేసి ఉంచితేనే తోడుకుంటుంది. తోడు కావాలి, కానీ అదొక్కటే చాలదు. ఆ మాటకొస్తే తోడు కూడా తప్పనిసరి కాదు. పెరుగు లేనిరోజు మా అమ్మ గోరువెచ్చని పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసేది.

ఆవశ్యక నియమం, పర్యాప్త నియమం అని ఇంటర్ లెక్కల్లో బట్టీ పట్టినవి ఇవేనండీ. ఒకటి 'కావాలి', రెండోది 'చాలు'.

ఈ తేడా నాకు నిజంగా అవసరపడింది ఉద్యోగం దగ్గర. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి హెచ్4 మీద వచ్చాను. గ్రీన్‌కార్డు దారిలో కొంత ముందుకెళ్ళిన హెచ్1బి వాళ్ళ భార్యాభర్తలు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చని 2015 మే 26 నుంచి నియమం ఉంది. మావారి ఐ-140 ఆమోదం అయ్యాక నాకూ ఆ కార్డు వచ్చింది.

"కార్డు వచ్చిందిగా, ఇంకేమిటే అడ్డం?" అంది అమ్మ ఫోన్‌లో.

నేనూ అలాగే అనుకున్నాను. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు మా ఇంటికి పక్కనే. అయినా ఏడాదంతా ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. ఇన్నాళ్ళూ తప్పు వీసాది అనుకున్నదాన్ని, ఇక నాదే అనుకోవడం మొదలుపెట్టాను. "పట్టుదల ఉంటే చాలు" అని ఉద్యోగం వచ్చిన స్నేహితురాలు అన్నప్పుడు ఏడుపొచ్చింది.

తర్వాత నెమ్మదిగా ఆలోచించాను. సామాజిక పరిశోధన చేసేవాళ్ళు రెండువైపులా చూస్తారు. ఉద్యోగం వచ్చినవాళ్ళందరికీ ఈ కార్డు ఉందా? లేదు. ఇక్కడే చదువుకుని, సొంతంగా హెచ్1బి తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అది మిరప తొడిమల దారి. కార్డున్న అందరికీ ఉద్యోగం వచ్చిందా? అదీ లేదు. పట్టుదల సంగతీ అంతే. గెలిచినవాళ్ళని అడిగితే పట్టుదలే అంటారు. అంతే పట్టుదలతో ఇంట్లో ఉన్నవాళ్ళని ఎవరూ అడగరు.

ఒక కాగితం మీద రాసుకున్నాను. కార్డు, ఉంది. డిగ్రీ, ఉంది. రెండో కారు, లేదు. పాపను చూసేవాళ్ళు, లేరు. ఇటీవలి ల్యాబు అనుభవం, ఎనిమిదేళ్ళుగా లేదు. ఆ జాబితాలో 'నా లోపం' అని రాయడానికి చోటు దొరకలేదు.

ఇప్పుడు పాప ప్రీస్కూలుకు వెళ్తోంది. మా ఊళ్ళోనే ఉన్న వేక్ టెక్ క్యాంపస్‌లో ఒక కోర్సులో చేరాను. ఇది చాలుతుందో లేదో తెలీదు. అమ్మ మళ్ళీ అడిగితే మాత్రం ఆ కాగితం చదివి వినిపిస్తాను.