స్కానులో మళ్ళీ కనిపించిన మచ్చ

మెదడులోని కణితికి రేడియేషన్ పూర్తయి, మనిషి కోలుకుంటున్నాడని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న వేళ మళ్ళీ తలనొప్పి, మాట తడబాటు. స్కాను తీస్తే అదే చోట మచ్చ. "గడ్డ తిరగబెట్టింది" అన్న మాటతో ఆ కుటుంబం కుంగిపోతుంది. పాఠక మిత్రులారా, ఆ మచ్చ ప్రతిసారీ కణితే కానవసరం లేదు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తలకెక్కింది. పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు ఒక బడిపంతులు గారిని ఆయన కుమారుడు నా వద్దకు తీసుకువచ్చాడు. రేడియేషన్ ముగిసి పది నెలలు. కుడిచేతి పట్టు సడలింది. ఫిల్ము చూసి, "మళ్ళీ వచ్చింది బాబూ, ఇంటి దగ్గరే చూసుకోండి" అన్నాను. అదృష్టవశాత్తు ఆ అబ్బాయి నా మాట వినక హైదరాబాదు తీసుకువెళ్ళాడు. అక్కడ పెర్ఫ్యూజన్ ఎమ్మారై తీశారు. పెరిగే కణితిలో రక్తప్రసరణ సాధారణంగా హెచ్చుగా ఉంటుంది. ఆయన మచ్చలో తక్కువగా ఉంది. అది రేడియేషన్ వల్ల చనిపోయిన కణజాలం. దీనినే రేడియేషన్ నెక్రోసిస్ అంటారు. డెక్సామెథసోన్‌తో వాపు తగ్గి, పంతులు గారు మళ్ళీ సంతకం పెట్టగలిగారు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది.

చికిత్స ముగిసిన తొలి మూడు నెలల్లో కణితి పెరిగినట్లు భ్రమ గొలిపే మార్పులు రావచ్చు. నెక్రోసిస్ సాధారణంగా ఆరు నెలలు దాటాక, ఒక్కోసారి ఏళ్ళ తరువాత వస్తుంది. మామూలు ఎమ్మారైలో రెండూ కణితిలాగే కనిపిస్తాయి. పెర్ఫ్యూజన్, స్పెక్ట్రోస్కోపీ, పెట్ స్కాను కొంత తేల్చుతాయి. సందేహం తీరకుంటే బయాప్సీ అవసరం కావచ్చు. కణితి, నెక్రోసిస్ కలిసి ఉండటమూ కద్దు. లక్షణాలు లేకుంటే కొన్నాళ్ళు గమనిస్తారు. ఉంటే స్టెరాయిడ్, అది చాలకుంటే బెవాసిజుమాబ్, కొందరికి శస్త్రచికిత్స. స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా హఠాత్తుగా ఆపకండి; వాడినన్నాళ్ళూ రక్తంలో చక్కెర చూపించుకోండి.

ఏళ్ళు గడిచాక తీరని నీరసం, చలికి ఓర్వలేకపోవడం కనిపిస్తే వయసు మీద నెట్టివేయకండి. పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండవచ్చు. రక్తపరీక్షలో తెలుస్తుంది, మందులతో సరిదిద్దవచ్చు.

మూర్ఛ, ఆగని వాంతులు, మత్తు ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రేడియేషన్ మోతాదు, తేదీలు ఉన్న కాగితాలు, పాత స్కానులు భద్రపరచండి. "ఇది కణితేనా, రేడియేషన్ ప్రభావమా? ఎలా తేల్చారు?" అని వైద్యుణ్ణి అడగండి. ఆనాడు నన్ను ఎవరైనా అడిగి ఉంటే, నేనూ మరోసారి ఆలోచించేవాణ్ణి.